పాత పామ్‌లో సెల్లు ఎందుకు నిలవడం లేదు?

సంపాదకులకు నమస్కారం.

1990ల చివర్లో అమెరికా వెళ్ళొచ్చిన ఇంజినీర్ల వెంట వచ్చిన పామ్‌లు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు), గల్ఫ్ నుంచి చుట్టాలు తెచ్చిన కాసియో డిజిటల్ డైరీలు మన ఇళ్ళ బీరువాల్లో ఇంకా పడి ఉన్నాయి. పాత ఫోన్ నంబర్లు, ఊరు మారిన బంధువుల చిరునామాలు, చేబదుళ్ళ లెక్కలు వాటిలోనే మిగిలిపోయాయి. బయటికి తీసినవాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు: కొత్త బ్యాటరీ సెల్లు వేస్తే నాలుగు రోజులు నడిచి ఆగిపోతోంది. షాపులో చెప్పేదీ ఒకటే మాట, ఇంకో జత వేసి చూడమని. ఈ సలహా వల్ల సెల్లకు పెట్టిన డబ్బుతోపాటు లోపల దాచుకున్న సమాచారం కూడా పోతోంది కాబట్టి ఈ ఉత్తరం.

1998 నాటి పామ్ త్రీ, 2000లో వచ్చిన ఎం100 లాంటి వాటిలో మనం రాసుకున్నదంతా ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉంటుంది. కరెంటు ఆగితే అదంతా చెరిగిపోతుంది. సెల్లు మార్చే వ్యవధిలో కొద్దిపాటి చార్జి దాచుకునే లోపలి కెపాసిటర్ ఒకటి సుమారు నిమిషం పాటు దాన్ని నిలబెడుతుంది. ఇప్పుడు ఆ కెపాసిటర్‌కు పాతికేళ్ళ వయసు. సత్తువ తగ్గినదైతే ఐదు సెకన్లు కూడా ఆగదు. ఎం100 వరసలో ఇది బాగా తెలిసిన లోపమే. సెల్లు మార్చి ఆన్ చేయగానే తెర మీది గుర్తును స్టైలస్‌తో (తెర మీద రాసే పుల్లతో) తాకమని అడిగిందంటే, లోపల ఉన్నదంతా పోయినట్టే.

రెండు సెల్లూ ఒకేసారి తీయకుండా ఒకటొకటిగా మారిస్తే ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండు ట్రిపుల్ ఏ సెల్లూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. ఏ ఒక్కటి తీసినా సర్క్యూట్ తెగుతుంది, భారమంతా కెపాసిటర్ మీదే పడుతుంది. పైగా సెల్లు పూర్తిగా చచ్చాక మారిస్తే కెపాసిటర్‌లో కూడా చార్జి మిగలదు. సెల్లు తగ్గాయన్న హెచ్చరిక తెర మీద కనిపించిన మొదటి రోజే, కొత్తవి కవరు విప్పి పక్కన పెట్టుకుని, ఆఫ్ చేసి మార్చాలి.

అంతకన్నా ముందు నకలు తీసుకోండి. పామ్‌ను కంప్యూటర్‌కు కలిపే పాత సీరియల్ క్రేడిల్ (స్టాండు) ఉంటే యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి హాట్‌సింక్ చేయవచ్చు, అంటే డేటాను కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. లైనక్స్ వాడేవాళ్ళకు ఇదే పనికి పైలట్-లింక్ అనే ప్రోగ్రాం ఉంది. ఇవేవీ లేకపోతే ఇంకో పామ్ అరువు తెచ్చుకుని, ఇన్‌ఫ్రారెడ్ ద్వారా అడ్రస్ బుక్‌లోని ఒక్కో కేటగిరీని బీమ్ చేస్తే (తీగ లేకుండా పంపితే) సరిపోతుంది. ఆఖరికి తెర చూసి నోటుబుక్కులో రాసుకున్నా మంచిదే. ఇది పూర్తయ్యేదాకా స్క్రూ డ్రైవర్ పట్టకండి.

ఇక అసలు జబ్బు. ఎక్కువసార్లు అది సెల్లో కాకుండా సెల్లు కూర్చునే గూటిలో ఉంటుంది. మూత తీసి వెలుతురులో స్ప్రింగుల అడుగు చూడండి. ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి గానీ, పచ్చటి మరక గానీ కనిపిస్తే ఎప్పుడో సెల్లు కారాయి. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. వెనిగర్ లేదా నిమ్మరసం ఒక చుక్క దూది పుల్లకు అంటించి రుద్దితే చిన్నగా నురగ వచ్చి కరుగుతుంది. మామూలు జింక్-కార్బన్ సెల్ నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్న ద్రవం. దానికి వంట సోడా కలిపిన నీళ్ళు వాడాలి. ఈ తేడా తెలియక అన్నిటికీ నిమ్మకాయ పిండుతున్నారు. తర్వాత తడిపి పిండిన దూదితో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి, ఫ్యాను కింద రెండు గంటలు ఆరనివ్వండి. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. గరుకు కాగితం మాత్రం వద్దు. స్ప్రింగు మీది నికెల్ పూత లేచిపోతే కింది ఇనుము నెలల్లో తుప్పు పడుతుంది. మెత్తటి పెన్సిల్ రబ్బరు చాలు. నొక్కుకుపోయిన స్ప్రింగును ట్వీజర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లాగండి.

శుభ్రం చేశాక మల్టీమీటర్ పెట్టి చూడాలి. కొత్త ఆల్కలైన్ సెల్ బయట 1.5 నుంచి 1.6 వోల్టులు చూపిస్తుంది. అదే జతను లోపల పెట్టి, బ్యాక్‌లైట్ వెలిగించి, ముందు సెల్ల కొసల మీద, తర్వాత గూటిలోని రేకుల మీద కొలవండి. రెండు రీడింగుల్లో తేడా వస్తే ఆ తేడా అంతా తుప్పు తింటున్నదే. కాంటాక్టులో ఒక్క ఓమ్ నిరోధం ఉండి 100 మిల్లీయాంప్‌లు పారితే 0.1 వోల్టు అక్కడే పోతుంది. సెల్లో సగం బలం ఉండగానే అది అయిపోయిందని యంత్రం చెప్పడానికి కారణం ఇదే.

కాంటాక్టులు బాగున్నా సెల్లు నిలవకపోతే, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగుతోందో చూడండి. సన్నటి ప్లాస్టిక్ ముక్కకు రెండు వైపులా అల్యూమినియం రేకు అంటించండి. అంచుల దగ్గర రేకులు ఒకదానికొకటి తగలకూడదు. దాన్ని సెల్‌కీ స్ప్రింగుకీ మధ్య దూర్చి, మీటర్‌ను మిల్లీయాంప్‌ల మీద పెట్టి రెండు రేకులకు కలపండి. ఇక్కడ కూడా సర్క్యూట్ తెగుతుంది కనుక నకలు తీశాకే ఈ పని. ఆఫ్‌లో ఒక మిల్లీయాంప్‌లోపే ఉండాలి. ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సామర్థ్యం సుమారు 1000 మిల్లీయాంప్-గంటలు. ఒక మిల్లీయాంప్ పోతే నలభై రోజులు, పది పోతే నాలుగు రోజులు. "నాలుగు రోజుల్లో అయిపోతోంది" అనే ఫిర్యాదుకు లెక్క ఇక్కడ దొరుకుతుంది.

అంత ఎందుకు లాగుతుంది? గ్రాఫిటీలో (స్టైలస్‌తో అక్షరాలు రాసే పామ్ పద్ధతిలో) షార్ట్‌కట్ గీత గీసి, రెండుసార్లు తట్టి, 1 లేదా 2 రాస్తే పామ్ డీబగ్ మోడ్‌లోకి, అంటే ప్రోగ్రాం రాసేవాళ్ళు తప్పులు వెతికే స్థితిలోకి పోతుంది. సీరియల్ పోర్టు తెరిచే ఉండి సెల్లను పీల్చేస్తుంది. రాస్తూ రాస్తూ పొరపాటున ఇది జరగవచ్చు. వెనక చిన్న రంధ్రంలో విప్పిన పేపర్ క్లిప్‌తో నొక్కితే సాఫ్ట్ రీసెట్ అయి బయటపడుతుంది, డేటా పోదు. ఆ సమయంలో పవర్ బటన్ పట్టుకుంటే మాత్రం అది హార్డ్ రీసెట్, అన్నీ చెరిగిపోతాయి. సంచిలో బటన్లు నొక్కుకుని పదే పదే ఆన్ అవడం, ట్రిపుల్ ఏ మోడళ్ళను రోజుల తరబడి క్రేడిల్‌లో వదిలేయడం కూడా మామూలు కారణాలే.

సెల్ల ఎంపికలో మన బజారులో జరిగే పొరపాటు ఒకటుంది. "హెవీ డ్యూటీ" అని రాసి ఉంటే బలమైనవని కొంటారు. అవి గోడ గడియారానికి వేసే జింక్-కార్బన్ సెల్లే. వాటి జింక్ డబ్బాయే కరిగి కరెంటు ఇస్తుంది కాబట్టి, అయిపోయాక లోపలే ఉంచితే చిల్లుపడి కారతాయి. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలపడం కూడా అంతే ప్రమాదం. నీరసించిన సెల్‌లో పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగబడి కారడం మొదలవుతుంది. రీచార్జి సెల్లు వాడొచ్చు. కానీ అవి 1.2 వోల్టుల దగ్గరే చాలాసేపు నిలబడి చివర్లో ఒక్కసారిగా పడిపోతాయి, కాబట్టి హెచ్చరికను నమ్ముకోకుండా రెండు వారాలకోసారి చార్జి చేసుకోవాలి.

కాసియో డైరీల సంగతి వేరు. చాలా మోడళ్ళలో ఉండేవి బొత్తం సెల్లు: యంత్రం నడపడానికి కొన్ని, మెమరీ కాపాడటానికి వేరుగా ఒకటి. రెండు రకాలూ ఒకేసారి తీయకూడదు. సీఆర్2032 అడిగితే షాపులో సీఆర్2025 ఇస్తుంటారు. రెండూ 3 వోల్టులే, 20 మిల్లీమీటర్ల వెడల్పే. కానీ ఒకటి 3.2 మిల్లీమీటర్ల మందం, రెండోది 2.5. ఆ 0.7 తేడాతో రేకు సరిగా ఆనక, కదిలించినప్పుడల్లా తెర ఆరిపోతుంది. ఎల్ఐఆర్2032 అనే రీచార్జి రకం నిండుగా ఉంటే 4.2 వోల్టుల దాకా ఇస్తుంది, అది అసలు వేయకూడదు.

1999 నాటి పామ్ ఫైవ్‌లో లిథియం బ్యాటరీ లోపలే ఉండి, కేసును జిగురుతో అంటించి ఉంటుంది. వెనక భాగం ఉబ్బినట్టుంటే చార్జింగ్ పెట్టకుండా తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి. కెపాసిటర్ మార్చాలన్నా అంతే. పాతదాని మీద ముద్రించిన విలువే వేయమనండి, వోల్టేజీ మాత్రం ఎక్కువున్నా పరవాలేదు.

తీసేసిన బొత్తం సెల్లను టేబుల్ మీద వదలకండి. పిల్లలు మింగితే అన్నవాహిక రెండు గంటల్లోనే కాలిపోవచ్చు. రెండు వైపులా టేపు అంటించి డబ్బాలో వేసి ఉంచండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే, ఈ చిన్న సెల్లు కూడా ఆ నిబంధనల కిందకే వస్తాయి. మన పట్టణాల్లో వీటిని ఎక్కడెక్కడ తీసుకుంటున్నారో ఆ చిరునామాలను మీ జిల్లా పేజీలో అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ రిపేరు పని తెలిసిన ఒక పాఠకుడు