కాక్స్ బజార్ ఇసుక తిన్నె సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం రాగానే పత్రికలన్నీ కరాచీ దాడి గురించీ, విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతీ రాస్తాయి. రాయాల్సిందే. అదే 1971 డిసెంబర్ యుద్ధంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ దగ్గర జరిగినదాన్ని మాత్రం ఎవరూ తలవరు. పాకిస్తాన్ సైనికులు బర్మా వైపు జారిపోకుండా దారి మూసేయడానికి గూర్ఖా జవాన్లను కలకత్తా నుంచి సరకు నౌకలో తెచ్చి, నడిసంద్రంలో ఘరియాల్, గుల్దార్ అనే లాండింగ్ షిప్పుల్లోకి (సైనికులను నేరుగా ఒడ్డున దించే ఓడల్లోకి) మార్చారు. ఒడ్డు చేరకముందే ఇసుక తిన్నె అడ్డుపడింది. ముందు దిగినవాళ్లు లోతు నీళ్లలో పడ్డారు. శత్రువు తూటా ఒక్కటీ తగలకుండానే ప్రాణాలు పోయాయి.

మాది ఉప్పాడ. మోకాలి లోతు తిన్నె మీద నిలబడి ఒడ్డు వైపే నాలుగడుగులు వేస్తే గుండెల దాకా మునిగే చోట్లు మాకు తెలుసు. తిన్నెకీ ఒడ్డుకీ మధ్య కాలువలా గాడి పడుతుంది. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజానికెత్తుకుని అది దాటించేవాడు. వీపున మూట, చేతిలో తుపాకీతో దిగే కొండ ప్రాంతపు కుర్రాడికి ఆ గాడి సంగతి ఎవరు చెప్పాలి?

అది చెప్పే మనుషులు ఉండాలని రెండో ప్రపంచ యుద్ధంలోనే తేలింది. 1943 నవంబర్‌లో పసిఫిక్ సముద్రంలోని తరావా దీవి దగ్గర అమెరికన్ల పడవలు పగడపు దిబ్బకు తట్టుకుంటే, మెరైన్లు నీళ్లలో నడుస్తూనే తూటాలకు కూలిపోయారు. ఆ ఏడాది డిసెంబర్ 31 రాత్రి ఇద్దరు బ్రిటిష్ ఈతగాళ్లు ఫ్రాన్స్‌లోని నార్మండీ ఒడ్డుకు వెళ్లి, జర్మన్ కాపలాదారుల కళ్లుగప్పి ఇసుక తవ్వి తెచ్చారు. బరువైన బళ్లను ఆ నేల మోస్తుందో లేదో చూడటానికి!

1944 జూన్ 6న మిత్రదేశాల సేనలు ఆ నార్మండీలోనే దిగిన నాటి ఏర్పాటంతా ఆ జాగ్రత్తతోనే సాగింది. మొత్తం నౌకాబలం అడ్మిరల్ రామ్సే చేతిలో ఉంది. పడమటి దళం అమెరికన్ అడ్మిరల్ కర్క్‌ది, తూర్పు దళం బ్రిటిష్ అడ్మిరల్ వియన్‌ది. అయిదు బీచ్‌లకు అయిదు విడి దళాలు. ఒక్కో దళానికి మైన్లు ఏరే ఓడలు రెండేసి దారులు తెరిచాయి, వడిగా వెళ్లే ఓడలకొకటి, నెమ్మదివాటికొకటి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం అధికారులు ఒకే ఓడలో కూర్చుని నడిపించారు. ముందు దిగాల్సిన సామాను చివర ఎక్కించారు. ఒడ్డున ఏ పడవ ఎక్కడ ఆగాలో చెప్పడానికి బీచ్‌మాస్టర్ ఉన్నాడు.

ఇప్పుడు విశాఖలో సైనికులను ఒడ్డుకు చేర్చే మన నౌక జలాశ్వ ఉంది. కాకినాడ తీరంలో విన్యాసాలు జరుగుతున్నాయి. తుఫాను వచ్చి వెళ్తే తిన్నెలు చోటు మారతాయి, ఆ మార్పు ముందుగా కంటబడేది వేటకెళ్లే మావాళ్లకే. విన్యాసాలకు ముందు వాళ్లనీ అడగాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడటానికి వచ్చే పిల్లలకు కాక్స్ బజార్ తీరం పటం, ఆ ఓడల నమూనాలు కూడా చూపించాలి. మీరు వచ్చే డిసెంబర్ 4న ఆ జవాన్ల కోసం ఒక పేజీ కేటాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఉప్పాడ, కాకినాడ జిల్లా