యాప్ ఎంచుకునే ముందు ఎక్స్‌పోర్ట్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ వ్యాసాలను తర్వాత చదువుకోవడానికి దాచిపెట్టే యాప్‌ల గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన కథనం చదివాను. అక్షరాల సైజు, రాత్రిపూట నల్లటి స్క్రీన్, చదివి వినిపించే సదుపాయం, అన్నీ వివరంగా రాశారు. ముఖ్యమైనది ఒకటి వదిలేశారు. ఆ యాప్ రేపు మూతపడితే మనం దాచుకున్నవి ఏ రూపంలో చేతికొస్తాయి? ఉద్యోగమంతా లైబ్రరీలోనే చేసినదాన్ని కాబట్టి ఈ బెంగ నాకు కాస్త ఎక్కువ. అయినా ఊరికే పెట్టుకున్న బెంగ కాదిది.

పాకెట్ అనే యాప్ సంగతే చూడండి. 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’ పేరుతో మొదలైంది, 2012లో పేరు మార్చుకుంది, 2017లో మొజిల్లా చేతికి వెళ్లింది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే సంస్థే వెనకుంటే ఇక భయమేముంది అనుకున్నారు జనం. 2025 జులై 8న దాన్ని ఆపేశారు. ఓపెన్ సోర్స్, అంటే ప్రోగ్రాం కోడ్ అందరికీ తెరిచి ఉంచినది, అయితే ఈ గొడవ ఉండదనేవాళ్లూ ఉన్నారు. ఆమ్నివోర్ అనే ఇలాంటి యాప్ ఓపెన్ సోర్సే. 2024 అక్టోబరులో ఆ బృందం ఎలెవెన్‌ల్యాబ్స్ అనే ఏఐ వాయిస్ కంపెనీలో చేరింది, మరుసటి నెలలోనే సర్వీసు మూసేశారు. కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, నిజమే. సొంతంగా సర్వర్ పెట్టుకుని దాన్ని నడుపుకునే పాఠకులు ఎంతమంది ఉంటారు? మరోవైపు 2008లో పుట్టిన ఇన్‌స్టాపేపర్ బీటావర్క్స్ అనే కంపెనీకి, తర్వాత పింటరెస్ట్‌కి వెళ్లి, 2018లో మళ్లీ విడిగా బయటికొచ్చి ఇంకా నడుస్తూనే ఉంది. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ముందే చెప్పడం ఎవరివల్లా కాదు.

అందుకే ఎక్స్‌పోర్ట్, అంటే దాచుకున్నవాటిని యాప్ నుంచి ఫైలుగా బయటికి దించుకునే సదుపాయం, ముందు చూడమంటున్నాను. ఇలాంటి ఒక సర్వీసు నుంచి నేను దించుకున్న ఫైలు ఇప్పుడు నా ముందే ఉంది. ఒక్కో వరుసలో శీర్షిక, లింకు, దాచిన సమయం, ట్యాగులు, చదివామా లేదా అన్న గుర్తు. అంతే, వ్యాసం లేదు. సమయం కూడా తేదీలా ఉండదు, పది అంకెల సంఖ్య. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లట! ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు శీర్షికల చోట పిచ్చి గుర్తులు కనిపించాయి. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులను కూడా సరిగ్గా చదివే పద్ధతి) ఎంచుకుంటే గానీ అక్షరాలు దారికి రాలేదు. ఆ లింకుల్లో చాలావాటిని నొక్కితే పేజీ లేదంటోంది. అల్మారాలు ఎత్తుకుపోయి, లైబ్రరీకి వచ్చిన పుస్తకాల పేర్లు రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్ మాత్రం చేతికిచ్చినట్టుంది. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందుబాటులో లేవని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చెప్పింది. లింకుల జాబితాను నమ్ముకుంటే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

కొత్త యాప్ ఏది చూసినా నేను ముందు ఫొటోలు, ఫుట్‌నోట్లు ఉన్న పొడుగాటి తెలుగు వ్యాసం ఒకటి అందులో దాస్తాను. నెట్ ఆపేసి తెరుస్తాను. తెరుచుకోకపోతే అది దాచింది లింకునే. తెరుచుకున్నా సంబరపడనక్కర్లేదు, ఆ కాపీ ఇంకా యాప్ కడుపులోనే ఉంది. తర్వాత వ్యాసం మధ్యలోని ఒక మాట టైపు చేసి వెతుకుతాను. కొన్నిటిలో ఉచితంగా అయితే శీర్షికల వరకే వెతుకుతాయి, లోపలి మాటలు కావాలంటే డబ్బు కట్టాలి. అందులో తప్పేం లేదు, కట్టేముందు తెలియాలి అంతే. ఇక నాలుగు వ్యాసాలు చేరగానే ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలును ఇంకోచోట తెరిచి చూస్తాను. వేల వ్యాసాలు పేరుకున్నాక చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఈ వారం చదివి వదిలేసేవాటికి ఏ యాప్ అయినా ఒకటే, బ్రౌజర్‌లో ఉండే రీడింగ్ లిస్ట్ చాలు. పదేళ్లు ఉండాల్సినవి మాత్రం ఫైలుగా మన దగ్గరుండాలి. బ్రౌజర్‌కి తగిలించుకునే సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్ బొమ్మలతో సహా పేజీ మొత్తాన్ని ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఇస్తుంది, ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. వాలబ్యాగ్ అనే ఇలాంటి యాప్ వ్యాసాలను ఈపబ్‌గా (ఈ-బుక్ ఫైలు), పీడీఎఫ్‌గా కూడా ఇస్తుంది. తెలుగుకి పీడీఎఫ్ వద్దనే అంటాను. కంటికి బాగానే కనిపిస్తుంది గానీ, కాపీ చేస్తే చాలాసార్లు ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. వెతికినా మాట దొరకదు.

మీకూ ఒక విన్నపం. వెబ్‌సైట్ కొత్తగా మార్చినప్పుడల్లా చాలా పత్రికల పాత లింకులు హోంపేజీకి పోతున్నాయి. పాత చిరునామా నొక్కితే అదే వ్యాసం తెరుచుకునేలా చూడండి. ఈ-పేపర్ పేజీ బొమ్మగా ఉంటే ఇలాంటి యాప్‌లకు అందులో అక్షరం దొరకదు, ఆదివారం అనుబంధంలోని వ్యాసాలకైనా విడిగా టెక్స్ట్ పేజీ ఇవ్వండి. రచయిత పేరు, ప్రచురించిన తేదీ శీర్షిక కిందే ఉంచండి. పేజీలో ఎక్కడో మూలన పెడితే, దాచిన కాపీలో ముందు రాలిపోయేవి అవే.

– ఒక రిటైర్డ్ లైబ్రేరియన్