విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: చిన్న ఊరి ఉన్నత పాఠశాలను ఒక్క ఏడాది అంకెలతో తేల్చకండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. పదో తరగతి ఫలితాలు రాగానే ఉత్తీర్ణత శాతం పడిపోయిన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల జాబితా ఒకటి తయారవుతుంది, అడ్మిషన్లు తగ్గిన బడుల జాబితా మరొకటి. రెండింటిలోనూ పేరున్న చిన్న ఊరి బడిని పక్క ఊరి బడిలో విలీనం చేయాలన్న ప్రతిపాదన రావడానికి ఎక్కువ కాలం పట్టదు. దానిపై సంతకం చేసే ముందు ఆ అంకెలు ఎలా తయారవుతున్నాయో తమరు ఒకసారి పరిశీలించాలని కోరుతున్నాను.

పరీక్ష రాసినవారు 12 మందే అయిన బడిలో ఒకరు తప్పితే ఉత్తీర్ణత 91.7 శాతం, ఇద్దరు తప్పితే 83.3 శాతం. ఒక్క అమ్మాయి గణితంలో రెండు మార్కుల దూరంలో ఆగిపోయినందుకు బడి ఫలితం ఎనిమిది శాతానికి పైగా పడిపోతుంది. 120 మంది రాసే బడిలో అదే తేడా ఒక శాతానికి కూడా రాదు. తొమ్మిదిలోనే టీసీ తీసుకుని వెళ్లినవారు, చదువు మానేసినవారు ఈ లెక్కలోకే రారు.

ఇక అడ్మిషన్ల విషయం. గణితం చెప్పే స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) బదిలీపై వెళ్లాక ఆ ఖాళీ భర్తీ కాకపోతే జీవశాస్త్రం టీచరే ఆ పీరియడ్లు కూడా సర్దుకోవాలి. ఆమె ఎంత కష్టపడినా, త్రికోణమితి దగ్గరికి వచ్చేసరికి పిల్లల నోట్సులో ప్రశ్న, జవాబు ఉంటాయే గాని నడుమ సోపానాలు ఉండవు. అది గమనించిన తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి పిల్లల్ని ప్రైవేటు బడిలో వేస్తారు, ఇందులో వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. తరువాత పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులను బడుల మధ్య సర్దే హేతుబద్ధీకరణ వచ్చినప్పుడు, పిల్లలు తక్కువయ్యారన్న కారణంతో, ఆ ఖాళీ పోస్టు కూడా వేరే బడికి తరలిపోతుంది. టీచరు లేనందువల్ల తగ్గిన సంఖ్యను చూపించి టీచరు పోస్టునే తీసేయడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచడం లేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకే హామీ ఇస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ రక్షణ లేదు కాబట్టి ఊళ్లో బడి మూతపడితే వాళ్లను తిరిగి తరగతి గదికి చేర్చే బాధ్యత చట్టప్రకారం ఎవరిపైనా పడదు. బస్సు సరిగా రాని దారిలో మొదట ఆగిపోయేది ఆడపిల్లల చదువే. చిన్న బడుల సమస్యకు 2020 జాతీయ విద్యావిధానం మరో దారి కూడా చూపింది: ఒక ఉన్నత పాఠశాలను, దాని చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్లలో ఉన్న కింది తరగతుల బడులను ఒక సముదాయంగా కలిపి, ఉపాధ్యాయులను, ప్రయోగశాలలను, గ్రంథాలయాలను ఉమ్మడిగా వాడుకోవడం. 1964-66 నాటి కొఠారీ కమిషన్ చేసిన సూచనే ఇది.

అందువల్ల చిన్న ఉన్నత పాఠశాలల్లో పోస్టులను పిల్లల తలల లెక్కన కాక సబ్జెక్టుల లెక్కన మంజూరు చేయించాలని, ఫలితాలను కనీసం మూడేళ్లవి కలిపి చూడాలని, అన్ని సబ్జెక్టులకూ టీచర్లు ఉండి రెండు విద్యా సంవత్సరాలు నడిచాకే విలీనం మాట ఎత్తాలని విన్నవిస్తున్నాను. వచ్చే ఫలితాల నుంచి బడివారీ ఉత్తీర్ణత శాతం పక్కనే, ఆ బడిలో ఏ సబ్జెక్టు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో కూడా ప్రకటించేలా ఆదేశాలివ్వగలరు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు