జిమ్ స్టైన్స్ గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా అంటే మన క్రీడా పేజీలకు క్రికెట్ ఒక్కటే. అక్కడివారి సొంత ఆట, చేతులూ కాళ్లూ వాడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో వెలిగిన జిమ్ స్టైన్స్ గురించి కూడా రాయండి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, అక్కడి సంప్రదాయ ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగి, 1984లో 18 ఏళ్లకే మెల్‌బోర్న్ చేరారు. 1987 ప్రిలిమినరీ ఫైనల్ (ఫైనల్‌కు ముందు మ్యాచ్) చివరి క్షణాల్లో, కిక్ కొట్టబోతున్న ప్రత్యర్థికి అడ్డంగా పరిగెత్తారు. దాంతో 15 మీటర్ల పెనాల్టీ (కిక్ గోల్‌కు అంత దగ్గరైంది), ప్రత్యర్థికి గోల్, ఆయన జట్టుకు 2 పాయింట్ల ఓటమి. ఇంకొకరైతే ఇంటిదారి పట్టేవారు. ఆయన వరసగా 244 మ్యాచ్‌లు, ఒక్కటీ మానకుండా ఆడారు! 1991లో, ఆ లీగ్‌లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ (Brownlow) పతకం గెలిచారు. 1994లో యువత కోసం రీచ్ సంస్థ ప్రారంభించడం నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని. 2012లో, 45 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు.

పిల్లల్ని పరాయి దేశం పంపిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఒక ఆదివారం ఆయనకు పూర్తి పేజీ ఇవ్వండి.

– ఒక పాఠకుడు, గుంటూరు