మంత్రిగారూ, చివరి బెంచీ నుంచి కొలవండి

విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. పరీక్ష మార్కుల సగటును బట్టి ప్రభుత్వ మిడిల్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వాలన్న ఆలోచన మీ శాఖలో నడుస్తోంది. బడి ఎలా నడుస్తోందో తల్లిదండ్రులకు తెలియాల్సిందే. దాచిపెట్టి ఎవరినీ ఉద్ధరించలేం. నా పేచీ అంతా కొలత గురించే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఆ చనువుతో రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మిడిల్ స్కూల్ బాగుందో లేదో తేల్చడానికి ఒక్క ప్రశ్నే అడిగే వీలుంటే, ఇది అడగండి: ఆరో తరగతిలో చేరేనాటికి తడుముకోకుండా ఒక పేజీ చదవలేని పిల్లలు, ఎనిమిది పూర్తయ్యేసరికి ఎంతవరకు వచ్చారు? సగటు మార్కు దీనికి జవాబు చెప్పదు. పైగా జవాబు బయటపడకుండా కప్పేస్తుంది.

రెండు బడులను ఊహించుకోండి. మొదటి బడిలో పిల్లలు ఆరో తరగతికి వచ్చేటప్పుడే వందకు 70 తెచ్చుకునేవాళ్లు. అదే స్థాయి కొలతలో ఎనిమిది చివరికి 72కు చేరారు. రెండో బడికి 35తో వచ్చినవాళ్లు 55కు చేరారు. జాబితాలో మొదటి బడి పైన ఉంటుంది, రెండోది అడుగున ఉంటుంది. పైనున్న బడి టీచర్లకు శాలువాలు, కిందున్న బడి హెడ్మాస్టర్‌కు మెమో. ఈ మూడేళ్లలో ఎక్కువ పని జరిగింది ఏ బడిలో?

ఇది పాత సంగతే. 1966లో అమెరికా ప్రభుత్వం కోసం జేమ్స్ కోల్మన్ బృందం సుమారు 4,000 బడుల్లో, 6 లక్షలకు పైగా పిల్లలతో పెద్ద సర్వే చేసింది. మార్కుల్లో తేడాలకు బడి సౌకర్యాల కన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని అందులో తేలింది. ఇక బడి ఏం చేసినా ఒకటేనని కొందరు తీర్మానించేశారు. నేనైతే దాన్ని వేరేగా చదువుతాను. పిల్లలు వెంట తెచ్చుకున్నదాన్ని తీసేసి చూస్తే తప్ప బడి చేసిన పని కనపడదు. మార్కుల సగటులో ఎక్కువ భాగం, ఆ గేటులోంచి ఎవరు లోపలికి వచ్చారన్న దాని గురించే చెబుతుంది.

ఈ మూడు తరగతుల దగ్గరే ఎందుకింత పట్టు అంటారేమో. ప్రైమరీలో ఒకే టీచరు రోజంతా పిల్లలతో ఉంటుంది. ఎవరికి చదవడం వచ్చో, ఎవరు పక్కవాళ్లతో కలిసి గొంతు కలుపుతున్నారో ఆమెకు తెలుసు. ఆరో తరగతికి రాగానే పీరియడ్‌కో టీచరు. లెక్కల మాస్టారు లెక్కలు చెప్పి వెళ్తారు, సైన్స్ టీచరు సైన్స్ చెప్పి వెళ్తుంది. చదవడం నేర్పే పని ఎవరిది? అది ఐదో తరగతిలోపే అయిపోయి ఉండాలి కాబట్టి ఎవరి టైంటేబుల్లోనూ ఉండదు. భాషా టీచరుకు సిలబస్ టెన్షన్. ‘కింది క్లాసుల్లో ఏం చెప్పారో ఏమో’ అనే మాట స్టాఫ్ రూంలో రోజూ వినపడుతుంది. మా దగ్గర్నుంచి వెళ్లిన పిల్లలను చూసి హైస్కూల్ వాళ్లూ అదే మాట అంటారు. తిలా పాపం తలా పిడికెడు.

ఆ పిల్లవాడు మాత్రం బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించుకుంటూ మూడేళ్లు నెట్టుకొస్తాడు. అలాంటి పిల్లల నోటుపుస్తకాలు చాలాసార్లు క్లాసులో అందరికన్నా శుభ్రంగా ఉంటాయి. అక్షరాలు గుండ్రంగా, కింద ఎర్ర సిరాతో టిక్కు. తాను రాసిన వాక్యాన్నే చదవమంటే నేల చూపులు చూస్తాడు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి నోటుపుస్తకాలు తిరగేసి ‘బాగుంది’ అని రాసి వెళ్లడం నాకు బాగా తెలుసు.

ఇలాంటి పిల్లలు ఏ కొద్దిమందో అనుకోకండి. భారతదేశపు గ్రామాల్లో జరిగే అసర్ సర్వే 2022 ఫలితాల ప్రకారం, ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు దాదాపు 70 శాతమే. పదిమందిలో మిగిలిన ముగ్గురూ ఎనిమిది దాకా వచ్చినవాళ్లే కదా, ప్రతి ఏటా ఎవరో ఒకరు వాళ్లను పై తరగతికి పంపినవాళ్లే కదా. ఆ సర్వే జరిగే తీరు కూడా గమనించండి. బడికి కాదు, ఇంటికి వెళ్తారు. ఒక్కొక్కరి చేత బిగ్గరగా చదివిస్తారు. పక్కవాడి పేపర్లోకి తొంగిచూసే వీలు లేదు. ఆ రోజు బడి ఎగ్గొట్టినవాడు కూడా లెక్కలోకి వస్తాడు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేని పద్ధతి ఇది.

ఒక గీత గీసి, దాన్ని దాటినవాళ్ల శాతంతో బడిని కొలిస్తే ఏమవుతుందో ఇప్పటికే ఒక దేశం చేసి చూసింది. 2002లో అమెరికాలో వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ప్రకారం మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలందరికీ ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టాలి. 2014కల్లా అందరూ నిర్ణయించిన స్థాయిని అందుకోవాలి. షికాగో పిల్లల మార్కులను డెరెక్ నీల్, డయాన్ షాన్జెన్‌బాక్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. మధ్యస్థంగా ఉన్న పిల్లల మార్కులు పెరిగాయి. అందరికన్నా వెనకబడినవాళ్లకు ఒరిగింది ఏమీ కనపడలేదు. లెక్క తేలికే. గీతకు కాస్త కింద ఉన్నవాణ్ణి పైకి లాగితే బడి ఖాతాలో ఒక పాస్ పడుతుంది. చాలా కింద ఉన్నవాణ్ణి ఏడాదంతా కష్టపడి రెండు తరగతుల మేర పైకి తెచ్చినా, గీత దాటకపోతే సున్నా. చట్టం పేరేమో ఏ పిల్లవాడినీ వెనక వదలొద్దని!

మార్కులతో బడులను కొలిచిన చోట్ల ఇంకా చాలా జరిగాయి. ఫ్లోరిడా బడుల రికార్డులను డేవిడ్ ఫిగ్లియో పరిశీలించారు. ఒకే గొడవలో దొరికిన పిల్లల్లో తక్కువ మార్కులవాళ్లకు ఎక్కువ రోజుల సస్పెన్షన్ పడుతోందని, పరీక్షల సమయంలో ఆ తేడా ఇంకా పెరుగుతోందని తేలింది. ఆయనే మరొకరితో కలిసి వర్జీనియాలో చూస్తే, మార్కులు తగ్గితే ప్రభుత్వ చర్యల ముప్పు ఉన్న బడులు పరీక్ష రోజుల్లో మధ్యాహ్న భోజనంలో కేలరీలు పెంచాయట. (పిల్లలకు ఆ నాలుగు రోజులైనా కాస్త ఎక్కువ దక్కిందని సంతోషించాలేమో.) అట్లాంటాలో సంగతి ఏకంగా క్రిమినల్ కేసుల దాకా వెళ్లింది. టీచర్లే పిల్లల జవాబులు చెరిపి దిద్దారని 2011లో రాష్ట్ర ప్రభుత్వ విచారణ తేల్చింది. 44 బడులు, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు ఆ నివేదికకెక్కాయి. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది.

వాళ్లంతా మోసం చేయాలని ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లని నేననుకోను. నేనూ టీచర్నే కాబట్టి వెనకేసుకొస్తున్నానని మీరనుకుంటే అనుకోండి. ఒక అంకెను పట్టుకుని ఎంత ఎక్కువగా నిర్ణయాలు తీసుకుంటే ఆ అంకె అంత ఎక్కువగా చెడిపోతుందని డోనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించారు. ఉద్యోగం, బదిలీ, పరువు అన్నీ ఒక్క సగటుకు వేలాడదీస్తే, పిల్లలకు పాఠం చెప్పే సమయం కూడా ఆ సగటుకే పోతుంది.

ర్యాంకుల్లో ఇంకో చిక్కుంది. ఎనిమిదో తరగతిలో 20 మందే ఉన్న బడిలో ఒక్కరు అటూ ఇటూ అయితే పాస్ శాతం 5 పాయింట్లు మారుతుంది. 200 మంది ఉన్నచోట అదే ఒక్కరి వల్ల మారేది అర పాయింటు. అందుకే చిన్న బడులు ఒక ఏడు జాబితా పైన, మరో ఏడు అడుగున తేలుతుంటాయి. టీచర్లు మారి ఉండరు, పాఠం చెప్పే తీరూ మారి ఉండదు. మూడేళ్ల ఫలితాలు కలిపి చూడకుండా చిన్న బడికి ర్యాంకు ఇవ్వడమంటే లాటరీ తీయడమే.

మరి పిల్లల ఎదుగుదలను కొలిచే పద్ధతులు లేవా? ఉన్నాయి. ఇంగ్లాండ్‌లో 2016 నుంచి ‘ప్రోగ్రెస్ 8’ అనే కొలత వాడారు. ప్రైమరీ ముగిసేసరికి పిల్లవాడు ఎక్కడున్నాడు, అలాంటి స్థాయిలోనే ఉన్న ఇతర పిల్లలతో పోలిస్తే 16 ఏళ్లకు ఎక్కడికి చేరాడు అన్నది దాని లెక్క. ఇంటి పరిస్థితులను పట్టించుకోదన్న విమర్శ దాని మీదా ఉంది. అయినా ఒట్టి సగటు కన్నా చాలా నయం.

ఈ పద్ధతిలో దొంగదారులను మాత్రం ముందే మూసేయాలి. ఆరో తరగతి మొదట్లో పెట్టే పరీక్షను అదే బడి చేతికిస్తే, పిల్లలకు ఎంత తక్కువ వస్తే బడికి అంత లాభం. మూడేళ్ల తర్వాత పెరుగుదల ఘనంగా కనిపిస్తుంది కదా! కాబట్టి మొదటి పరీక్షా, చివరి పరీక్షా రెండూ బయటివాళ్లే పెట్టాలి. రెండో దారి ఇంకా అన్యాయమైనది. వెనకబడిన పిల్లవాడి తల్లిదండ్రులను పిలిచి, ‘వేరే బడిలో చేర్పిస్తే మీవాడికే మంచిది’ అని మెత్తగా చెప్పి టీసీ చేతిలో పెట్టడం. ఆరో తరగతిలో ఎంతమంది చేరారో ఆ సంఖ్యతోనే ఎనిమిది ఫలితాన్ని భాగించండి. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో, ఎక్కడికి వెళ్లారో బడి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పిల్లలు ఆ బడి లెక్కలోనే ఉండాలి.

హాజరులోనూ సగటు ఇలాగే బురిడీ కొట్టిస్తుంది. 300 మంది ఉన్న బడిలో హాజరు 93 శాతం అంటే ఏ అధికారికైనా సంతోషమే. కానీ 240 మంది 97.5 శాతం రోజులు వచ్చి, మిగతా 60 మంది 75 శాతమే వచ్చినా సగటు 93 అవుతుంది. అంటే ఆ 60 మంది ప్రతి నాలుగు రోజుల్లో ఒకరోజు బడిలో లేరు. పనిదినాల్లో 10 శాతం, అంతకు మించి రాని పిల్లలు ఎంతమంది అన్నది విడిగా అడగండి. ఈ వయసులో మానేయడం ఒక్కరోజులో జరగదు. ముందు సోమవారాలు పోతాయి, తర్వాత పరీక్ష ఉన్న రోజులు పోతాయి, తర్వాత రిజిస్టర్లో పేరొక్కటే ఉంటుంది. ఆడపిల్లల్లో నెలకోసారి వరసగా మూడు నాలుగు రోజులు ఖాళీలు కనిపిస్తే, టాయిలెట్‌లో నీళ్లు వస్తున్నాయో లేదో, తలుపుకు గడియ ఉందో లేదో చూడమనండి. ఆ ఆబ్సెంట్లను మార్కుల పట్టిక ఎప్పటికీ మీకు చూపించదు.

ఇన్‌స్పెక్షన్ల గురించి ఎక్కువ చెప్పను. ముందుగా తేదీ చెప్పి వస్తే కనిపించేది పైన పటారం, లోన లొటారం. చెప్పకుండా వచ్చి ఒక క్లాసులో చివర కూర్చుంటే, టీచరు అడిగిన ప్రశ్నలకు ఎవరెవరు జవాబు చెబుతున్నారో కాసేపట్లోనే తెలిసిపోతుంది. ఎప్పుడూ ఆ నలుగురే అయితే మిగతావాళ్లకు ఆ క్లాసు జరగనట్టే. నోటుపుస్తకంలో టిక్కులు కాదు, తప్పును దిద్దాక పిల్లవాడు మళ్లీ రాశాడా అన్నది చూడాలి. బడిలో ఎవరంటే భయమని పిల్లలను టీచర్లు లేనిచోట అడగాలి. యునెస్కో 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు గడిచిన నెలలో తోటివాళ్ల వేధింపు ఎదుర్కొన్నవాళ్లే. అలాంటివాడికి మీ ఫస్ట్ ర్యాంకు బడి మంచి బడి కాదు.

చూసినదంతా చివరికి ఒక్క మాటకో, కొన్ని స్టార్లకో కుదించొద్దు. ఇంగ్లాండ్ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ప్రభుత్వ బడులకు ఏళ్లతరబడి ఒక్కమాట గ్రేడులు ఇచ్చింది. తనిఖీ ఒత్తిడి ఒక హెడ్ టీచర్ ఆత్మహత్యకు కొంత కారణమైందని 2023 చివర్లో అక్కడి విచారణ తేల్చింది. 2024 సెప్టెంబర్‌లో ఆ ఒక్కమాట గ్రేడులను ఎత్తేశారు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి నెలలో ఆరో తరగతి పిల్లలందరి చేతా ఒక పేజీ బిగ్గరగా చదివించండి. పరీక్షించేది మరో బడి టీచర్లు కావాలి. అప్పుడు వెనకబడి ఉన్నవాళ్ల జాబితా ఆ బడికే ఇవ్వండి, బయటపెట్టకండి. వాళ్లకు రోజూ ఒక పీరియడ్ చదవడానికే కేటాయించమని టైంటేబుల్లో రాయించండి, ఎందుకంటే టైంటేబుల్లో లేని పని బడిలో జరగదు. ఎనిమిది చివర అదే పిల్లల చేత మళ్లీ చదివించండి. మొదటి విడత ఫలితాలను బడుల పేర్లు లేకుండా ప్రకటించండి. కొలతలో లోపాలుంటే అప్పుడు బయటపడతాయి, ఎవరి పరువూ పోదు. ఆ తర్వాత పేర్లతో పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. అడుగున తేలిన బడికి మాత్రం మెమోకు బదులు, చదవడం నేర్పడంలో తర్ఫీదు పొందిన ఒక టీచర్ని అదనంగా పంపండి. ఆ పోస్టు మంజూరు చేయకుండా జాబితా ఒక్కటే విడుదల చేసేటట్టయితే, దయచేసి జాబితాను కూడా ఆపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిడిల్ స్కూల్ టీచర్