వార్షిక నివేదిక: ‘తెలిసింది’కి ఒక్క ఏత్వం తగిలితే

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో సింహభాగం క్రైమ్ వార్తల కాపీ, అంటే వార్తను రాసే తీరు మీదే సాగింది. ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు, డెస్కులో వాటిని దిద్దే సబ్‌ఎడిటర్లు కలిసి కూర్చుని, రుజువు కాని సంగతిని ఎలా రాస్తున్నామో వాక్యం వాక్యం విప్పి చూశారు.

ఎక్కువ చర్చ రెండో రోజు వార్త మీదే నడిచింది. మొదటి రోజు ‘వ్యాపారిని బావమరిదే చంపాడని పోలీసులు అనుమానిస్తున్నారు’ అని సరిగ్గానే రాస్తాం. మర్నాడు ఫాలోఅప్‌లో అది ‘వ్యాపారిని బావమరిది చంపిన విషయం తెలిసిందే’ అవుతుంది. ‘తెలిసింది’ అంటే మన చెవిన పడిందని, ‘తెలిసిందే’ అంటే అందరికీ తెలిసిన నిజమని. దర్యాప్తు అంగుళం కదల్లేదు, అనుమానం మాత్రం తెల్లారేసరికి నిజమైపోయింది. తెలుగులో ‘అనుమానిస్తున్నారు’, ‘ఆరోపించారు’ వాక్యం చివర వస్తాయి. చోటు చాలనప్పుడు డెస్కు కత్తెర పడేది అక్కడే. ‘హత్య చేసిన నిందితుడి అరెస్టు’ అనే శీర్షికలో ‘నిందితుడు’ ఉన్నా లాభం లేదు, ‘చేసిన’ ముందే తీర్పు చెప్పేసింది. ‘హత్య కేసులో నిందితుడి అరెస్టు’ అనండి. ఒక్క అక్షరం కూడా పెరగదు.

అందుకే ‘పోలీసుల కథనం ప్రకారం’, ‘ఫిర్యాదు ప్రకారం’ వంటివి వాక్యం మొదట్లోనే పెట్టాలని, కొత్త ఆరోపణ వచ్చినచోటల్లా మళ్లీ రాయాలని అనుకున్నాం. ‘వెల్లడించారు’, ‘బయటపెట్టారు’ అంటే చెప్పింది నిజమని మనమూ ఒప్పుకున్నట్టే; ‘అన్నారు’ చాలు.

‘నేరం అంగీకరించాడు’ అన్నది మరీ ప్రమాదం. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 23వ సెక్షన్ ప్రకారం, దాని వల్ల దొరికిన వస్తువుకు సంబంధించిన మేరకు తప్ప కోర్టులో చెల్లదు. ‘అంగీకరించాడని పోలీసులు చెప్పారు’ అని రాయాలి. అలాగే బీఎన్‌ఎస్‌ఎస్ (నేర విచారణ పద్ధతుల చట్టం) 194వ సెక్షన్ కింద పోలీసు విచారణ అంటే మరణానికి కారణం ఇంకా తేలలేదని. అప్పుడే ‘ఆత్మహత్య’ అనకూడదు.

‘ఆరోపించారు’ అని తగిలిస్తే పరువునష్టం కేసు రాదనే ధీమా చాలామందిలో కనిపించింది. బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షల చట్టం) 356వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు లేదు. కోర్టు విచారణను ఉన్నదున్నట్టు రాస్తే మాత్రం ఉంది.

దీనికి తిరగబడిన జబ్బూ ఒకటుంది. మున్సిపల్ సమావేశంలో ఆసాంతం కూర్చుని వచ్చి, ‘సమావేశం జరిగినట్లు సమాచారం’ అని రాయడం!

శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టి తప్పించుకునే అలవాటును ఈసారి ముట్టుకోలేదు. వచ్చే ఏడాది మొదటి సమావేశం దానికే. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.