సంగమేశ్వరం చేపకు ఐసు కావాలి

రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కర్నూలులో చిన్న మెస్సు నడుపుతున్నాను. ఆదివారం మా దగ్గర రాగి సంగటి, చేపల పులుసు. పులుసులోని బొచ్చ, శీలావతి ముక్కలు మాత్రం భీమవరం, కైకలూరు చెరువుల నుంచి రాత్రంతా లారీలో ఐసు కింద పడుకొని వచ్చినవి. మాకేమో ఊరిని ఒరుసుకుంటూ తుంగభద్ర, ఆ కిందనే శ్రీశైలం జలాశయం. నీళ్లు మా వాకిట్లో, చేప కొల్లేటి పక్కది!

నిరుడు వేసవిలో, ఆ జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరుడి గుడి నీళ్లలోంచి బయటపడ్డ రోజుల్లో, అక్కడే నేరుగా కొందామని వెళ్లాను. గట్టున గుడిసె వేసుకున్న ఒక బెస్త పెద్దాయన పుట్టిలోంచి వాలుగ చేపను దించుతున్నాడు. నా చెయ్యంత పొడవుంది. వారానికి మూడుసార్లు కర్నూలుకు పంపుతావా పెద్దయ్యా అంటే నవ్వాడు. "ఐసు ఏది సామీ? మధ్యాహ్నానికే మెత్తబడుతుంది. దళారి ఎంతంటే అంతకు ఇచ్చేయాలి" అన్నాడు.

అసలు తంటా అక్కడే ఉంది. ఐసు లేదు కాబట్టి అమ్ముడుపోనిది ఎండబెట్టాలి. ఎండబెట్టడానికి చిన్న చేపే సులువు. అందుకే దోమతెరలాంటి అలివి వలలు దిగుతున్నాయి. మీ శాఖ జలాశయంలో వదిలే వేలెడు చేపపిల్లలు, ఏడాది ఆగితే కిలో తూగేవి, వాటిలో పడి ఎండుచేపలుగా సంతకు చేరుతున్నాయి. అలివి వేయించే వ్యాపారులు ఐసు చూసి మారిపోతారని నమ్మేంత అమాయకుణ్ణి కాను. వాళ్ల సంగతి పోలీసులు చూడాలి. కానీ వాళ్ల దగ్గర అప్పు తీసుకుని, వాళ్లు చెప్పిన వలే లాగుతున్నవాడికి పెద్ద చేపకు ధర వచ్చే దారి చూపాలి కదా.

ఆత్మకూరులోనో నందికొట్కూరులోనో ఒక ఐసు ప్లాంటు, గట్టు దాకా వెళ్లే ఐసు పెట్టెల ఆటోలు, కర్నూలులో మత్స్యకారుల సంఘమే నడిపే ఒక దుకాణం. కిలో చేపకు కిలో ఐసు పడుతుంది, అంతకన్నా పెద్ద లెక్కేమీ లేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వీటికి 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం రాయితీ పెట్టారు. మిగతా సొమ్ము గుడిసెలో ఉండేవాడు ఎక్కడ తెస్తాడు? దానికి బ్యాంకు పూచీ మీరు ఇప్పించాలి.

మరొక మాట. సముద్రంలో వేట ఆగే 61 రోజులకు ఇచ్చే సాయాన్ని 2025లో 20,000 రూపాయలకు పెంచారు, సంతోషం. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో జలాశయంలోనూ వేట ఆపమంటారు. అప్పుడు వీళ్ల పొయ్యి ఎలా వెలగాలి?

కర్నూలు వచ్చినప్పుడు మా మెస్సుకు రండి. పులుసు బాగుంటుంది. ఏ ఊరి చేప అని మాత్రం ఇప్పుడే అడగకండి.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక మెస్సు యజమాని